కట్టినవాడే పడుకోవాలి

పైకప్పు పలకను పెరుమాళ్ నెత్తితో ఎత్తి పట్టుకున్నాడు. నెత్తి మీద మడిచిన తువ్వాలు, దాని మీద పలక. మెడ నరాలు తాళ్ళలా బిగిసి ఉన్నాయి. కుడిచేతిలోని స్టేప్లర్ గన్‌ను పలక అంచుకు ఆనించి మీట నొక్కాడు. గాలి చీలినట్టు చప్పుడై పిన్ను దిగింది. ఆ దెబ్బ పుర్రెలో మోగి వెన్ను గుండా పాదాల దాకా పోయింది. ఒక వరస కొట్టి, కాస్త జరిగి, మళ్ళీ నెత్తితో ఎత్తి, మళ్ళీ కొట్టాడు. చెక్కపొట్టు కళ్ళలో పడుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

తిరువళ్ళూరు దాటి తిరుత్తణి పోయే రోడ్డు పక్కన ఉన్న ఆ షెడ్డులో క్యారవాన్లు కడతారు. బయటి నుంచి చట్రమూ ఇంజనూ మాత్రం వస్తాయి. వాటి మీద గోడలు, కిటికీలు, మంచం, వంటగట్టు, గోడ బీరువాలు ఇక్కడే లేస్తాయి. మొదట్లో సినిమావాళ్ళే కొనేవారు. ఇప్పుడు పిల్లాజెల్లాతో ఊళ్ళు తిరిగేవాళ్ళు కూడా కొంటున్నారు. చక్రాల మీద ఇల్లు అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ ఇళ్ళకు లోపలి చెక్కపని చేసేవాడు పెరుమాళ్. ఊరు కే.జీ.కండిగై. పొట్టి మనిషి. ముందుకు వంగిన మెడ. ఏళ్ళ తరబడి పలకలు మోసి నడినెత్తిన జుట్టు ఊడి, అక్కడి చర్మం మడమలా గట్టిపడింది.

ఈ పలక నెత్తికి మెత్తగా తగులుతోంది. పైన అడ్డంగా ఇనుప పైపులుంటే నెత్తికి గట్టిగా ఎదురు తన్నేది. పైపులు రాలేదు. పైన పలచటి రేకు, ఆ రేకు మీద పెద్ద ఏసీ పెట్టె, దాని బరువుకు ఆసరాగా ఈ పొట్టు పలక. అంతే. ఆ సంగతి పెరుమాళ్‌కు తెలుసు. పైన రేకు కోసి పెట్టె దించిన అతని అల్లుడు దేవాకు తెలుసు. రంగులేసే నటరాజన్‌కు తెలుసు. పైపుల్లేకుండానే కానిమ్మన్న సూపర్‌వైజరు మహేంద్రకూ తెలుసు. పలక మూసేస్తే ఇక ఎవరికీ కనబడదు. పెరుమాళ్ మూస్తున్నాడు.

పెద్దయ్య వెంకటపతి నాయుడు బతికిన కాలంలో బండి కట్టడమంటే చెరకు తోట పెంచినట్టు ఉండేది. చెక్క తెచ్చి నీడన ఆరబెట్టేవారు. ప్రతి కీలుకూ మరలు బిగించి, జిగురు ఆరేదాకా దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. బండి పూర్తయ్యాక తిరుత్తణి కొండ ఎక్కించి దించేవారు. అప్పుడు చెక్కపని చేసినవాడు లోపల మంచం మీద పడుకొని పోయి రావాలి. అది ఆ షెడ్డు ఆచారం. "కట్టినోడే పండుకోనీ. ఊడేది వాడి నెత్తినే ఊడనీ" అనేవాడు పెద్దయ్య. ఆ రోజు పడుకొని పోయేవాడికి కొత్త పంచె ఇచ్చేవారు. పెరుమాళ్ అలా పోయినప్పుడల్లా కొండ మలుపుల్లో నిద్రపోయేవాడు. గోవిందస్వామి బండి నడిపేవాడు. కొండ దిగాక తలుపు తట్టి లేపి టీ ఇప్పించేవాడు.

పెద్దయ్య పోయాక కొడుకు ద్వారకనాథ్ షెడ్డు పెంచాడు. బండ్లు వరసగా బయటికి పోసాగాయి. చెక్క పోయి పొట్టు పలక వచ్చింది. మరలు పోయి పిన్నులు వచ్చాయి. సందు కనిపిస్తే సిలికాన్ పూసి వేలితో నునుపు చేస్తే సరిపోయేది. ఆచారం మాత్రం మిగిలింది. అయితే లోపల పడుకోవడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. గోడ బీరువా ఊడి ఒకడి భుజం విరిగింది. ఇంకొకడి వేళ్ళ మీద కిటికీ అద్దం దిగింది. అప్పటి నుంచి మహేంద్ర దాన్ని శిక్షగా మార్చాడు. ఆలస్యంగా వచ్చినవాడు, ఎదురు మాట్లాడినవాడు లోపల పోవాలి. షెడ్డులో కొట్లాట జరిగితే ముందుగా చెయ్యెత్తినవాడు పోవాలి. వేరే తప్పు ఎవడు చేసినా, ఆ రోజుకు చెయ్యెత్తినవాడే పోవాలి. పనివాళ్ళు కూడా అందుకు ఒప్పుకున్నారు. పక్కవాడి చేత చెయ్యెత్తించడానికి బూతులు తిట్టడం కూడా నేర్చుకున్నారు. పెరుమాళ్ మాత్రం షెడ్డులో ఎన్నడూ చెయ్యెత్తలేదు.

పలక పని ముగించి కిందికి దిగాడు. మెడ వెంటనే పైకి లేవలేదు. చేత్తో పట్టి లేపుకున్నాడు.

షెడ్డు ముంగిట్లో తిరిగొచ్చిన బండి ఒకటి నిలబడి ఉంది. దాని పక్క గోడను గొడ్డళ్ళతో చీల్చారు. లోపలి పొట్టు పలక వానకు ఉబ్బి, తడిసిన రొట్టెలా బయటికి వేలాడుతోంది. ఆ బండి కొన్నవాడి తల్లి మీద బీరువా ఊడి పడింది. వాళ్ళు జీపులో వచ్చి బండిని ఇక్కడ తోసి, ఎదురుపడినవాళ్ళనందరినీ ఇనుప కడ్డీలతో కొట్టారు. నటరాజన్ తాను రంగులవాడినని చెప్పేలోపలే అతని మణికట్టు విరిచారు. అది వంకరగానే అతుక్కుంది. ఇప్పుడు ఎడమచేత్తో బ్రష్షు పట్టుకుంటున్నాడు.

అన్నం వేళకు పెరుమాళ్ సంచిలోంచి రెండు గిన్నెలు తీశాడు. ఒకటి తనది, ఒకటి దేవాది. దేవా రాత్రి షెడ్డులోనే ఉండి పని చేశాడు. అంతకు ముందు, నిన్న పొద్దున, ఇంట్లో పెరుమాళ్ కూతురు శోభనను కొట్టి వచ్చాడు.

శోభన నిన్న సాయంత్రం పుట్టింటికి వచ్చింది. రెండు వీధుల దూరమే. ఎడమ చెవి వాచి, చెవిలోంచి సన్నగా నెత్తురు కారి మెడ మీద ఎండిపోయింది. గోడకు ఆనుకొని కూర్చుంది. అలిమేలమ్మ కూతురి చెవిని చూడలేదు. మొగుడి చేతుల్ని చూసింది. పెళ్ళయిన కొత్తలో పెరుమాళ్ ఆ చేతులతో ఆమెను కొట్టేవాడు. కల్లు తాగి కొట్టేవాడు, తాగకుండా కూడా కొట్టేవాడు. శోభన అప్పుడు గాదె వెనక దాక్కొని చెవులు మూసుకునేది. ఒకనాడు పిల్ల తండ్రి అడుగుల చప్పుడుకే పావడాలో పాసు పోసుకుంది. ఆ రోజుతో కొట్టడం మానేశాడు. మానేశానని ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు. నిన్న అలిమేలమ్మ చూసిన చూపుకు అతను చేతులు తువ్వాలు కింద పెట్టుకున్నాడు.

పొద్దున శోభనే లేచి అన్నం వండింది. రెండో గిన్నె మూత బిగించి తండ్రి చేతికిచ్చింది.

"ఆయన్ను ఏమీ అనొద్దు నాయనా. అన్నం మాత్రం ఇచ్చి రా."

"చెవి వినిపిస్తా ఉందా?"

"ఈ పక్క నుంచి పలికితే వినిపిస్తాది" అని కుడి చెవిని అతని వైపు తిప్పింది.

దేవా గిన్నె అందుకొని చక్రం పక్కన గొంతుక్కూచున్నాడు. పొడుగు మనిషి, సన్నటి నడుము. పెరుమాళ్ అక్క చెంగమ్మ కొడుకే. చిన్నప్పుడు మామ భుజాల మీద ఎక్కి తిరుత్తణి తిరనాళ్ళలో కావళ్ళు చూసిన పిల్లవాడు. అన్నం కలుపుతున్న ఆ కుడిచేతిని పెరుమాళ్ చూస్తూ కూర్చున్నాడు. గ్రైండరు నిప్పురవ్వలు పడి వెంట్రుకలు కాలిన చెయ్యి. బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయి ఉంది. ఆ చేతిని కంప్రెసర్ బెల్టు కింద పెట్టి నొక్కితే ఎంతసేపు పడుతుందో అనుకున్నాడు.

ఇద్దరూ గిన్నెలు ముగించారు.

అన్నాలయ్యాక మహేంద్ర షెడ్డులోకి వచ్చాడు. ద్వారకనాథ్‌కు మేనమామ కొడుకు. బొజ్జ మీద బిగిసిన తెల్ల చొక్కా, చేతిలో రెండు ఫోన్లు. బండి కొన్నవాళ్ళు సాయంత్రం కుటుంబంతో వస్తున్నారనీ, నేరుగా తిరుపతికి పోతారనీ, అంతలోపల కొండ ఎక్కించి తెచ్చి తుడిచి పెట్టాలనీ చెప్పాడు. అందరూ విని ఊరుకున్నారు. దేవా ఊరుకోలేదు. పైపులు వచ్చేదాకా బండిని కదిలించొద్దన్నాడు. ఈ బండిలో పిల్లలు పడుకుంటారన్నాడు.

"పెట్టింది నేను సార్. నేనే చెప్తా ఉండా. ఆ ఏసీ నిలవదు."

"రేయ్, పైపులు ఎప్పుడొస్తాయో నీ అబ్బ చెప్తాడా పార్టీకి?"

"నా అబ్బ ఎందుకు? నీ బావను అడుగు."

మహేంద్ర కాలి చెప్పు తీసి దేవా మొహం మీద కొట్టాడు. చెప్పు అంచు ముక్కు మీద తగిలింది. మళ్ళీ కొట్టాడు. దేవా పళ్ళు బిగించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. చెయ్యెత్తితే ఏమవుతుందో అతనికి తెలుసు. మూడోసారి కొట్టి మహేంద్ర చెప్పు కాలికి తొడుక్కున్నాడు.

"ఎదురు మాట్లాడినావు కదా. ఇయ్యాల లోపల నువ్వే. నిలవకపోతే నువ్వే పట్టుకో."

షెడ్డులో గ్రైండర్లు ఆగిపోయాయి. నటరాజన్ బ్రష్షును డబ్బా అంచుకు తుడుస్తూ పెరుమాళ్ వైపు చూసి నవ్వాడు. "ఏం పెరుమాళన్నా, పెండ్లికి నువ్వు ఒక ఫ్యాను కూడా ఇయ్యలేదంట. చూడు, అల్లుడికి ఏసీ రూము దొరికింది." ఒకరిద్దరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

దేవా ముక్కులోంచి కారిన నెత్తురును మోచేత్తో తుడుచుకొని బండి వైపు నడిచాడు. పెరుమాళ్ కింద కూర్చొని పిన్నుల డబ్బా సర్దుతున్నాడు. తాను పట్టించుకోకపోతే సరిపోతుంది. ఎవరూ అతన్ని ఏమీ అడగరు. పైకప్పు పొద్దున్నే మూసేశాడు. కొండ మీద ఐదారు మలుపులు, రోడ్డు నిండా గుంతలు. శోభన మళ్ళీ పుట్టింటికి వస్తుంది, ఈసారి ఎవరూ వెనక్కి పిలవడానికి రారు. పైపుల కోసం దేవా ఎదురు మాట్లాడి లోపల పోతాడన్న ఈ ఆలోచన పొద్దున పలక బిగిస్తున్నప్పుడే అతనికి వచ్చింది. వచ్చినప్పుడు దాన్ని తోసెయ్యలేదు. ఒక్కొక్క పిన్ను కొడుతూ దానితోనే ఉన్నాడు.

దేవా బండి మెట్టు మీద కాలు పెట్టాడు. తల లోపలికి వంచుతూ ఒక్కసారి పైకి, పలక వైపు చూశాడు. చిన్నప్పుడు బావిలోకి వంగి చూసేటప్పుడు ఇలాగే మెడ చాచేవాడు.

పెరుమాళ్ లేచాడు. పోయి దేవా చొక్కా పట్టి మెట్టు మీద నుంచి కిందికి లాగాడు. అతను తిరిగేలోపల చెంప మీద కొట్టాడు. చప్పుడు రేకుల కప్పు కింద మోగింది. దేవా తూలి చక్రం మీద పడ్డాడు. పెరుమాళ్ వంగి, జుట్టు పట్టి మొహం పైకెత్తి మళ్ళీ కొట్టాడు. ఈసారి పిడికిలితో. పెదవి చిట్లి పళ్ళు ఎర్రబడ్డాయి. మూడోసారి ఎడమ చెవి మీద కొట్టాడు.

"వినిపిస్తా ఉందా? ఈ పక్క వినిపిస్తా ఉందా?"

దేవా చేతికి దొరికిన ఇనుప మట్టపుబద్ద తీసి విసిరాడు. అది పెరుమాళ్ నుదురు మీద తగిలి చర్మం తెగింది. నెత్తురు కనుబొమలోకి దిగింది. మళ్ళీ మీదికి పోబోతే నలుగురు వచ్చి అతని నడుము పట్టుకున్నారు. అంత బలం ఆ పొట్టి మనిషిలో ఉందని ఎవరూ అనుకోలేదు. వాళ్ళను ఈడ్చుకుంటూ ఇంకా ముందుకు పోతున్నాడు. మహేంద్ర వచ్చి అతని మెడ మీద ఒక్కటి కొడితే ఆగాడు.

"ముందు చెయ్యెత్తింది ఎవడు?" అన్నాడు మహేంద్ర.

అందరూ పెరుమాళ్ వైపు చూశారు.

"నేనే" అన్నాడు పెరుమాళ్. ఊపిరి అందడం లేదు. "నేనే ఎత్తినాను. లెక్క ప్రకారం నేనే పోవాల."

మహేంద్రకు ఎవరు పోయినా ఒకటే. ఫోను చూసుకుంటూ సరే, సీక్రం ఎక్కండి, టైము లేదు అన్నాడు. గోవిందస్వామి బండి ముందు కర్పూరం వెలిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. పెరుమాళ్ బనియన్‌తో, లుంగీతో అలాగే మెట్టెక్కాడు. చొక్కా, అందులో ఫోను, షెడ్డు గోడకు మేకు మీద ఉన్నాయి.

దేవా చక్రం పక్కనే కూర్చొని ఉన్నాడు. నోట్లోంచి నెత్తుటి జొల్లు దారంలా జారుతోంది. తల ఎత్తి మామను చూశాడు. అప్పటికి అతనికి అర్థమయింది.

"మామా, దిగు. నేను పోతా."

పెరుమాళ్ తువ్వాలుతో నుదురు అదుముకున్నాడు.

"గిన్నె కడిగి ఎత్తుకొని పో. దాని ఎడమ పక్క నుంచి పలకొద్దు, వినిపించదు."

తలుపు గోవిందస్వామి మూశాడు. నిమ్మకాయలు చితికి బండి కదిలింది.

లోపల కొత్త పలకల ఘాటు వాసన. కళ్ళు మండుతున్నాయి. పెరుమాళ్ మంచం మీద పడుకోలేదు. ఏసీ పెట్టెకు దూరంగా, తలుపు పక్కన నేల మీద కాళ్ళు చాపి కూర్చున్నాడు. నుదుటి గాయం నిదానంగా ఆగింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఎక్కడికక్కడ తవ్వి పెట్టారు. గుంత వచ్చినప్పుడల్లా బండి గోడలు ఒక దిక్కుకు, నేల ఒక దిక్కుకు పోతున్నాయి. వంటగట్టు కింది అర తెరుచుకొని మూసుకుంటోంది. తాను బిగించిన కీళ్ళన్నీ పళ్ళు కొరుకుతున్నట్టు చప్పుడు చేస్తున్నాయి. ఏ చప్పుడు ఎక్కడిదో చూడకుండానే చెప్పగలడు. అయినా కళ్ళు మూసుకోలేకపోయాడు.

తిరుత్తణి కొండ ఎక్కేటప్పుడు పైకప్పు మధ్యలో ఒక పిన్ను ఊడి అతని పాదం పక్కన పడింది. ఇంకో మలుపులో వరసగా మరికొన్ని పడ్డాయి. పలక నడుమ కడుపులా కిందికి దిగింది. సందులోంచి, రేకు కోసిన చోట, వెలుగు కనిపించింది. అతను పాక్కుంటూ పోయి డ్రైవరు వెనక గోడను పిడికిలితో కొట్టాడు. చప్పుడు బయటికి పోకూడదని ఆ గోడ నిండా తానే స్పాంజి కూరాడు. ఈ బండిలో సరిగ్గా చేసిన పని అదొక్కటే. గోవిందస్వామికి ఏమీ వినిపించలేదు.

కొండ పైన బండి ఆగకుండానే తిరిగింది. దిగడం మొదలుపెట్టింది. పలక ఒక మూల పూర్తిగా జారింది. పైన రేకు చిరుగుతున్న చప్పుడు, బట్ట చించినట్టు, ఆగి ఆగి వస్తోంది. తలుపు దగ్గరికి పోయి కూర్చుంటే సరిపోయేది. ఒక అడుగు అటు వేశాడు కూడా. కానీ షెడ్డులో ఇన్నేళ్ళుగా పలక జారితే ఎవరైనా ఒకటే చేస్తారు. కిందికి పోయి నెత్తి పెడతారు. ఇంకొకడు గుంజ తెచ్చేదాకా అలాగే నిలబడతారు. వదిలిపెట్టి పక్కకు తప్పుకోవడం వాళ్ళ కాళ్ళకు రాదు. పెరుమాళ్ తువ్వాలు మడిచి నెత్తి మీద పెట్టుకున్నాడు. కిందికి పోయి, పలకకు నెత్తి ఆనించి, రెండు అరచేతులూ పైకెత్తి నొక్కాడు.

బరువు మెడలోకి దిగింది. మోకాళ్ళు వంగాయి, మళ్ళీ నిలబడ్డాయి. ఇది దిగేదాకా పట్టుకుంటే చాలు, కింద గోవిందస్వామి తలుపు తీస్తాడు, ఇద్దరం కలిసి గుంజ పెట్టుకోవచ్చు అనుకున్నాడు. మడమతో నేలను తన్నాడు. మళ్ళీ తన్నాడు. నుదుటి గాయం మళ్ళీ తెరుచుకొని నెత్తురు ముక్కు పక్కగా పెదవుల మీదికి వచ్చింది. ఉప్పగా ఉంది. చివరి మలుపు తిరిగింది. రోడ్డు చదును అయింది. అతను ఊపిరి వదిలాడు.

కొండ అడుగున, టీకొట్టుకు ముందు స్పీడ్‌బ్రేకరు ఉంది.

గోవిందస్వామికి వెనక ఏదో పడిన చప్పుడు వినిపించింది. ఈ మధ్య బండ్లలో ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. బండిని చింతచెట్టు నీడలో ఆపి, తానొక టీ తాగి, పెరుమాళ్‌కు ఒకటి పార్సిల్ కట్టించాడు. చక్కెర రెండింతలు వెయ్యమన్నాడు. తలుపు తట్టి, "పెరుమాళన్నా, దిగు. టీ చల్లారిపోతాది" అన్నాడు. పాతరోజుల్లో లాగా నిద్రపోయాడనుకున్నాడు. తలుపు లాగితే రాలేదు. చట్రం వంగి బిగుసుకుంది. రెండు చేతులతో లాగాలని టీ కవరును పక్కనున్న పిడికి తగిలించాడు.

తలుపు వచ్చింది. పెరుమాళ్ మోకాళ్ళ మీద ఉన్నాడు. అరచేతులు నేలకు ఆని ఉన్నాయి. మెడ పక్కకు తిరిగి ఉంది. ఏసీ పెట్టె అతని భుజాల మీదుగా జారి నేలకు ఒరిగింది. పైన పెద్ద కంతలోంచి ఎండ అతని వీపు మీద పడుతోంది.

గోవిందస్వామి ఫోను చేస్తే మహేంద్ర చాలాసేపు మాట్లాడాడు. ఎవరూ చెప్పకుండా వాడే ఎక్కినాడని చెప్పమన్నాడు. తాగి ఉన్నాడని కూడా చెప్పమన్నాడు. గోవిందస్వామి అంతా విన్నాడు.

"తలుపు మూసింది నేనే సార్" అని ఫోను పెట్టేశాడు.

దేవా ఎవరిదో బైకు తీసుకొని వచ్చాడు. పెదవి వాచి నోరు మూతపడడం లేదు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకుండా మామ చంకల కింద చేతులు వేసి లాగాడు. తల వేలాడకుండా తన రొమ్ముకు ఆనించుకున్నాడు. టీకొట్టు బల్ల మీద పడుకోబెట్టాక శోభన ఫోను వచ్చింది. దేవా ఎత్తాడు. చిట్లిన పెదవులతో మాట సరిగా రాలేదు. ఆమె అవతల నుంచి వినిపించలేదంది. ఫోను ఇంకో చెవికి పెట్టుకోమని దేవా చెప్పాడు. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పాడు.

పోలీసులు వచ్చారు. అంబులెన్సు వచ్చి పోయింది. జనం పలచబడ్డారు. బండి తలుపు తెరిచే ఉంది. పక్కనున్న పిడికి తగిలించిన టీ కవరు, మూతికి కట్టిన దారం ముడి విప్పకుండానే, లోపల మీగడ కట్టి, లారీ పోయినప్పుడల్లా కొంచెం కొంచెం ఊగుతోంది.